హైపోలో రంగు నిలవాలంటే: మేనకోడలికి మావయ్య ఉత్తరం

బరంపురం

చిరంజీవి అమ్మలుకు మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. రంగు వేసిన హైపో, అంటే సోడియం హైపోక్లోరైట్ బ్లీచ్, సీసాలు మూడు వరసగా పెట్టావు. మొదటిది మంచి నీలం, రెండోది బియ్యం కడిగిన నీళ్ళలాగా, మూడోదానిలో రంగన్నది లేనే లేదు. మూడింటిలోనూ వేసింది ఒకే రంగని, వారం వారం తేడాతో నింపినవని రాశావు. "రంగు అమ్మినవాడు మోసం చేశాడా మావయ్యా?" అని కూడా అడిగావు. పాపం, అతని తప్పేమీ లేదు. మరకను తినడానికే కదా నువ్వు బ్లీచ్ చేస్తున్నది. ఆకలితో ఉన్నవాడి ముందు విస్తరి వేసి, వడ్డించి, తినకు అంటే వింటాడా? బట్ట మీది మరక దొరికేలోగా తన కడుపులో పోసిన రంగునే తినేసింది.

నువ్వు వేసింది మిఠాయి కొట్లో జిలేబీకి వేసే రకమో, బట్టలకు అద్దే రకమో అయి ఉంటుంది. ఆ రంగుల అణువుల్లో జంట బంధాలు గొలుసులా వరసగా ఉంటాయి, ఆ గొలుసు వల్లే మన కంటికి రంగు కనబడుతుంది. హైపో వెళ్ళి గొలుసును ఎక్కడో ఒకచోట తెంపుతుంది. తెగిన వెంటనే రంగు పోతుంది. కిలో వంద రూపాయల రంగైనా వెయ్యి రూపాయల రంగైనా అంతే, కాకపోతే ఖరీదైనది నాలుగు రోజులు ఎక్కువ ఏడుస్తుంది. ఇంకోటి కూడా తెలుసుకో. రంగును తింటూ బ్లీచ్ తన బలం కూడా ఖర్చు పెట్టుకుంటుంది. చిటికెడు రంగుకు పెద్దగా తగ్గదు గానీ, రంగు పోయిందని మళ్ళీ వేసి, మళ్ళీ పోయిందని మళ్ళీ వేస్తూ కూర్చోకు.

అయితే నిలిచే రంగులే లేవా అంటే ఉన్నాయి. తెల్లబట్టలకు పెట్టే నీలం పొడి ఉంది చూడు, అల్ట్రామెరీన్ అంటారు. అది అద్దకం రంగు కాదు, ఖనిజం. క్షారంలో హాయిగా ఉంటుంది, హైపోకీ లొంగదు. యాసిడ్ తగిలితే మాత్రం కుళ్ళిన గుడ్డు వాసన కొట్టి తెల్లబోతుంది. దాంతో చిక్కేమిటంటే నీళ్ళలో కరగదు. ఇవాళ కలిపి పెడితే రేపటికల్లా సీసా అడుగున ఇసుకలా కూర్చుంటుంది, పైన తేట నీళ్ళు. థాలోసయనైన్ నీలం, థాలోసయనైన్ ఆకుపచ్చ అని ఇంకో రెండున్నాయి. పెయింట్లలోనూ ప్లాస్టిక్కులోనూ వాడతారు. ఇవి కూడా పిగ్మెంట్లే, అంటే నీళ్ళలో కరగని రంగు పొడులే, చాలాకాలం తట్టుకుంటాయి. వీటిలో రాగి ఉంటుంది. అది అణువు మధ్యలో గట్టిగా ఇరుక్కుని ఉంటుంది కాబట్టి భయం లేదు. కానీ శుభ్రం చెయ్యని చౌక సరుకులో విడి రాగి మిగిలి ఉంటే అది హైపోకు శత్రువు. ఎందుకో కిందికి వస్తే చెప్తాను.

పొడి కూర్చోకుండా ఉండాలంటే ద్రవం కాస్త చిక్కబడాలి. అందుకని గోరుచిక్కుడు జిగురో, సీఎంసీ అనే సెల్యులోజు జిగురో, క్సాంథాన్ గమ్మో పోద్దామనుకుంటావేమో, ఆ పని చెయ్యకు. వాటినీ హైపో కొరుక్కుతిని వారం పది రోజుల్లో మళ్ళీ నీళ్ళలా చేసేస్తుంది. దీనికి వాడేది అమీన్ ఆక్సైడ్ రకం నురగమందు. దానికి తగుపాళ్ళలో సబ్బు గానీ ఉప్పు గానీ పడితే చిక్కబడుతుంది, హైపో దాని జోలికి పోదు. అది అమ్మేవాళ్ళను ముందే "హైపోలో నిలుస్తుందా" అని అడిగి తీసుకో. సెంటు కూడా అంతే. గులాబీ, నిమ్మ వాసనలు చాలావాటికి వారం తిరిగేసరికి అసలు వాసన పోయి మరో వాసన మిగులుతుంది.

పర్మాంగనేట్ వేస్తే చక్కటి గులాబీ రంగు వస్తుందని నీకెవరో చెప్పారని రాశావు. వస్తుంది. కానీ ఆ రంగు నీళ్ళు బట్ట మీద ఆరితే గోధుమ రంగు మరక. మరక తీసే మందే మరక చేస్తే ఇంక దాన్నెవరు కొంటారు? డైక్రోమేట్ వేస్తే పసుపు రంగు నిలుస్తుందన్న మాట కూడా ఎక్కడో నీ చెవిన పడుతుంది. దాన్ని ముట్టుకోకు, వాకిట్లోకి కూడా రానివ్వకు. అది క్యాన్సర్ తెచ్చే క్రోమియం. జాజ్‌పూర్ జిల్లా సుకిందా గనుల దగ్గర నీళ్ళలో క్రోమియం గొడవ ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాం కదా, అదే ఇది.

ఇంతవరకూ నువ్వు అడిగినదానికి జవాబు. ఇప్పుడు నువ్వు అడగనిది చెప్తాను, నాకైతే అదే ముఖ్యం.

2020లో అందరూ ఒక శాతం హైపో కావాలని ఎగబడినప్పుడు నేను కూడా ఆశపడి డ్రమ్ములకు డ్రమ్ములు నింపి, వెనక రేకుల షెడ్డులో పెట్టాను. కాస్త సోకుగా ఉంటుందని థాలో ఆకుపచ్చ వేశాను. ఏప్రిల్, మే నెలల్లో మన బరంపురం రేకుల కింద ఎలా ఉంటుందో నీకు తెలుసు. జూన్‌లో మూత తీసి చూస్తే రంగు కొత్త చీరలా మెరుస్తోంది. ఎందుకో అనుమానం వచ్చి టైట్రేషన్ (బలం కొలిచే పరీక్ష) చేస్తే బలం సగానికి సగం లేదు. రంగు నిలిచింది, బ్లీచ్ చచ్చింది. అప్పటికే కొంత సరుకు బయటికి వెళ్ళిపోయింది. కొన్నవాళ్ళకు ఫోన్లు చేసి వెనక్కి తెప్పించుకోవడానికి నాలుగు రోజులు పట్టింది, డబ్బు కూడా పోయింది. కొన్నవాళ్ళలో ఒక చిన్న ఆసుపత్రి ఉందని తల్చుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. నీ సీసాలో వెలిసిపోయిన రంగు కనీసం నిజం చెప్పిందే తల్లీ, నా ఆకుపచ్చ అబద్ధం చెప్పింది.

కాబట్టి ముందు బ్లీచ్‌ను నిలుపుకో, రంగు సంగతి తర్వాత చూద్దాం. హైపో పాడవడం రెండు రకాలు. ఒకటి తనంతట తానే క్లోరేటు అనే పనికిరాని ఉప్పుగా మారిపోవడం. బలం ఎక్కువున్నకొద్దీ, వేడి పెరిగినకొద్దీ ఇది వేగంగా జరుగుతుంది. బలాన్ని సగం చేస్తే పాడయ్యే వేగం నాలుగోవంతుకు, అంతకన్నా కిందికి కూడా పడిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే వేగం సుమారు మూడున్నర రెట్లవుతుంది. అంటే 25 డిగ్రీల గదికీ 45 డిగ్రీల రేకుల షెడ్డుకీ తేడా పన్నెండు రెట్లు. నువ్వు తెచ్చుకునే హైపో 10 నుంచి 12 శాతం బలంతో వస్తుంది. దాన్ని అలాగే నెలల తరబడి కేన్లలో దాచకు. వచ్చిన రోజే నీడలో పెట్టి, 12 శాతమైతే ఒక పాలుకు రెండు పాళ్ళు, 10 శాతమైతే ఒకటిన్నర పాళ్ళు మంచి నీళ్ళు కలిపి 4 శాతానికి దించెయ్యి. గంజాం దగ్గర క్లోరు, కాస్టిక్ సోడా తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది కాబట్టి మన వైపు తాజా సరుకు దొరకడం కష్టం కాదు. ఎప్పుడు నింపారో తేదీ అడిగి తీసుకో, వేసవిలో కొంచెం కొంచెంగా తెప్పించుకో.

రెండోది లోహాల వల్ల. నికెల్, కోబాల్టు, రాగి రవ్వంత తగిలినా హైపో విరిగి ఆక్సిజన్ వదులుతుంది. సీసా ఉబ్బి మూత ఎగిరేది అందుకే. స్టీలు గిన్నెలో కలపకు, స్టెయిన్‌లెస్ అయినా సరే. ఇత్తడి కుళాయి వద్దు, ఇనప గరిట వద్దు. డ్రమ్ము, జగ్గు, కలిపే కర్ర అన్నీ హెచ్‌డీపీఈ ప్లాస్టిక్కువి పెట్టుకో. సీసా కూడా అదే, వెలుతురు లోపలికి రాని రకం, గాలి పోయే మూతతో.

నీళ్ళ మాట మర్చిపోకు. మీ పర్లాకిమిడి ఇంట్లో బోరు నీళ్ళు బకెట్‌లో రాత్రి నిలవుంటే పొద్దున్నకు ఎర్రగా తెట్టు కడుతుందని మీ అమ్మ ఎన్నిసార్లు విసుక్కుందో. అది ఇనుము. ఆ నీళ్ళతో హైపో పలచన చేస్తే అడుగున తుప్పు రంగు మడ్డి దిగుతుంది. నీళ్ళలో మాంగనీసు ఉంటే రంగేమీ వెయ్యకుండానే లేత గులాబీ అవుతుంది. చాలామంది "రంగు మారింది, రంగు మారింది" అని గోల పెట్టేది దీన్ని చూసే. ఆర్వో నీళ్ళు గానీ, బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ నీళ్ళు గానీ వాడు. ఖర్చే, కాదనను. వడకట్టిన వాన నీళ్ళైనా ఆ బోరు నీళ్ళకన్నా నయం.

పీహెచ్, అంటే క్షారం ఎంతుందో చెప్పే అంకె, 11 కిందికి రానివ్వకు. పీహెచ్ కాగితం ముంచి చూద్దామంటే హైపో దాని రంగునూ తినేస్తుంది, ముంచిన క్షణంలోనే చూసుకోవాలి. తగ్గితే కొంచెం కాస్టిక్ నీళ్ళు కలుపు. కాస్టిక్కును నీళ్ళలో వెయ్యాలి గానీ కాస్టిక్ మీద నీళ్ళు పొయ్యకూడదు, భగ్గుమని చిమ్ముతుంది. చేతి తొడుగులు, కళ్ళద్దాలు లేకుండా ఆ షెడ్డులోకి అడుగు పెట్టావని తెలిస్తే నేనే బస్సెక్కి వచ్చేస్తాను.

టైట్రేషన్ నేర్చుకో, ముగ్గు పెట్టడం కన్నా తేలిక. పది మి.లీ. బ్లీచ్‌ను నూరు మి.లీ. చెయ్యి. అందులోంచి పది మి.లీ. తీసి ముందు పొటాషియం అయొడైడ్ వేసి, ఆ తర్వాతే ఎసిటిక్ యాసిడ్ పొయ్యి. ఈ వరస తప్పితే ముక్కు మండుతుంది, లెక్కా తప్పుతుంది. గోధుమ రంగు వస్తుంది. డెసినార్మల్ (0.1 నార్మల్ బలం) థయోసల్ఫేట్ చుక్క చుక్క వదులుతూ లేత పసుపు అయ్యాక గంజి వెయ్యి, నల్లటి నీలం పోయేదాకా వదులు. థయోసల్ఫేట్ మి.లీ.కి 3.545 మి.గ్రా. క్లోరిన్ లెక్క. 4 శాతం బలం ఉంటే 11.3 మి.లీ. దాకా పడాలి. ప్రతి బ్యాచ్ నుంచీ ఒక సీసా నీడలో, ఒకటి డాబా మీద ఎండలో పెట్టి వారానికోసారి చూసి పుస్తకంలో రాసుకో. ఏ రంగు పెట్టాలన్నా ఆ పుస్తకాన్నే అడుగు. ఐఎస్ 11673 అని హైపోకు భారతీయ ప్రమాణం ఉంది, అదీ తెప్పించి చదువు.

ఇక నీలమే కావాలని నువ్వు పట్టుబట్టడం గురించి. బాత్రూమ్ కడిగే యాసిడ్ మందులు నీలంగానే కదా అమ్ముతారు? నీ బ్లీచ్ కూడా నీలమైతే, సంతలో కొన్న అవ్వ రెండూ ఒకటే అనుకుని కలిపి పోస్తే క్లోరిన్ గాలి లేస్తుంది. తలుపేసుకున్న చిన్న బాత్రూములో అది ప్రాణాల మీదికి తెస్తుంది. గులాబీ రంగైతే పిల్లలు షర్బత్ అనుకుంటారు. నన్నడిగితే లోపలి నీళ్ళను లేత పసుపుగా, పుట్టినట్టే వదిలెయ్యి. రంగు సీసాకి పెట్టు, మూతకి పెట్టు. నీలం కాని మరో రంగు ప్లాస్టిక్కు సీసా, దాని మీద ఒడియాలోనూ తెలుగులోనూ "యాసిడ్‌తో కలపకూడదు" అని పెద్దక్షరాలు. చదవడం రానివాళ్ళ కోసం ఒక బొమ్మ. నింపిన తేదీ తప్పనిసరి. కూల్‌డ్రింక్ సీసాల్లో మాత్రం ఎప్పుడూ నింపకు, ఎంత చౌకగా వచ్చినా సరే.

మీ దుకాణాదార్లు రంగు లేకపోతే కొనరని అంటున్నావు. కొంటారు. రంగు చూసి ఒకసారి కొంటారేమో గానీ, మళ్ళీ వచ్చేది మరక పోతేనే. నాకు మళ్ళీ మళ్ళీ వచ్చినవాళ్ళంతా ధోబీలే, వాళ్ళలో ఒక్కడూ రంగు గురించి అడగలేదు.

ఆ మూడు సీసాలు పారబొయ్యకు. మూతలు కాస్త వదులుగా పెట్టి, బస్సులో కాళ్ళ దగ్గర నిలబెట్టుకుని వచ్చే ఆదివారం తీసుకురా. మూడోదానిలో బలం ఇంకా మిగిలే ఉంటుందని నా అనుమానం. మీ అత్త ఆదివారం పఖాళ (ఒడియావాళ్ళ చద్దన్నం) చేస్తానంటోంది, పొద్దున్నే బయల్దేరు. మీ బోరు నీళ్ళు కూడా ఒక సీసాడు పట్టుకురా.

మీ మావయ్య