అమ్మ చెప్పే గాజు సిరంజి ముచ్చట్లు

ప్రశ్న: మా అమ్మ నర్సుగా చేసి రిటైరైంది. ఆ జ్ఞాపకాలు నోట్‌బుక్‌లో రాసిపెడుతున్నాను. సిరంజిలు మరిగించి మళ్లీ మళ్లీ వాడేవాళ్లమని, సూదులకు సాన పట్టేవాళ్లమని, సెలైన్ చుక్కలు వాచీ చూసి లెక్కపెట్టేవాళ్లమని అంటుంది. అవన్నీ ఎలా చేసేవారు? ‘ఉద్యోగం ఎలా ఉండేదమ్మా’ అంటే మాత్రం ‘ఏముంది, బాగానే గడిచింది’ అని ఊరుకుంటుంది.

జవాబు: సిరంజి వాడిన వెంటనే చన్నీళ్లతో కడగాలి. ఇక్కడ బద్ధకిస్తే అసలుకే మోసం. లోపల మిగిలిన రక్తం వేడికి గడ్డకట్టి, పిస్టన్ గొట్టంలో బిగుసుకుపోతుంది. పిస్టన్‌ను, గొట్టాన్ని విడదీసి, పలుచటి గుడ్డ చుట్టి చల్లటి నీళ్లలో వేసి పొయ్యి వెలిగించేవారు. మరిగే నీళ్లలో నేరుగా వేస్తే గాజు పగులుతుంది. చాలా రకాల్లో పిస్టన్ మీదా, గొట్టం మీదా ఒకే నంబరు ఉండేది. జతలు తారుమారైతే మందు వెనక్కి కారుతుంది, లేదా పిస్టన్ కదలదు. నీళ్లు తెర్లడం మొదలయ్యాకే 20 నిమిషాలు లెక్క. మధ్యలో ఇంకో సిరంజి వేశారా, లెక్క మళ్లీ మొదటికి. ఉప్పునీళ్లయితే తెల్లటి పొర పట్టి పిస్టన్ గరగరలాడుతుంది.

సూది బోలులో సన్నటి తీగ దూర్చి శుభ్రం చేసేవారు. సానరాయి మీద మొన అరగదీసి, దూదిమీద లాగి చూసేవారు. పోగు చిక్కుకుంటే మొన వంగిందన్నమాట. అది ఒంట్లోకి దిగితే రోగికి నరకం.

మరిగించడంతో ధనుర్వాతం క్రిముల బీజాలు చావవు. అందుకే ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరితో శుద్ధిచేసే పరికరం): 121 డిగ్రీల సెల్సియస్, చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనం, కనీసం 15 నిమిషాలు. మూటలు కుక్కిపెడితే ఆవిరి లోపలికి చేరదు. సరిగా శుద్ధికాని సూదులవల్ల హెపటైటిస్-బి ఒకరినుంచి ఒకరికి పాకేది. ఒక్కసారి వాడి పారేసే సిరంజిలు రావడానికి ముఖ్య కారణాల్లో అదొకటి.

చుక్కల లెక్క సులువే. ఎక్కించాల్సిన మిల్లీలీటర్లను, సెట్టు (సెలైన్ గొట్టం) మి.లీ.కి ఎన్ని చుక్కలు వదులుతుందో ఆ సంఖ్యతో హెచ్చవేసి, నిమిషాలతో భాగించాలి. 500 మి.లీ., 4 గంటలు, మి.లీ.కి 20 చుక్కల సెట్టు అయితే నిమిషానికి 42. పావు నిమిషానికి పదీ పదకొండు. రోగి చెయ్యి మడిచినా, సీసా ఎత్తు మారినా వేగం మారుతుంది కాబట్టి, ఒకసారి లెక్కపెట్టి వదిలేస్తే కుదరదు.

ఇక అడిగే తీరు. ‘ఎలా ఉండేది’ అంటే జవాబు రాదు. వస్తువు పేరు పట్టుకుని అడగండి: రాత్రి డ్యూటీ అప్పగించేటప్పుడు ముందు ఏం చెప్పేవారు? ట్రేలో ఏది ఎటువైపు? చేత్తో చేసి చూపించమనండి, పక్కన ఫోన్‌లో రికార్డు చేయండి. అరగంట మించి కూర్చోబెట్టొద్దు. రోగుల పేర్లు రాయకండి. పేరు తీసేసినా ఊరు, జబ్బు, సంవత్సరం మూడూ కలిస్తే మనిషి తెలిసిపోతారు, అందులో ఒకటైనా మార్చండి.