ముందు తాళాలు ఎవరి దగ్గరున్నాయో చూసుకోండి

మీరు అడిగింది ఇది కదండీ: చిన్న వ్యాపారం నడుపుతూ ఒక స్వచ్ఛంద సంస్థ పని కూడా చూస్తున్నారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, వాట్సాప్, వెబ్‌సైట్, ఇన్నిటిలో దేనితో మొదలుపెట్టాలి? అన్నీ చూసుకునేంత మంది లేరు. సరిగ్గా ఇదే స్థితిలో నేను ఏడేళ్లుగా ఉన్నాను. చూపు లేనివారి కోసం పుస్తకాలు చదివి ఆడియో రికార్డు చేసే ఒక చిన్న సంస్థకు వలంటీర్‌గా ఆన్‌లైన్ పనులన్నీ చూస్తాను. మా అక్క కుట్టుపని వ్యాపారానికి కూడా నేనే చేసిపెడతాను. రెండు చోట్లా చూసినదాన్ని బట్టి చెప్తున్నాను.

ఏ యాప్ అన్నది తర్వాత ఆలోచిద్దాం. మీ సంస్థ పేరుతో ఇప్పటికే ఉన్న ఖాతాలు ఎవరి ఫోన్ నంబర్ మీద, ఎవరి మెయిల్ మీద ఉన్నాయో ముందు చూడండి.

మా సంస్థకు సోషల్ మీడియాలో ఒక పేజీ ఉండేది. తొలి రోజుల్లో చేరిన ఒక అబ్బాయి ఎంతో ఇష్టంగా తన సొంత ఖాతాతో దాన్ని తెరిచాడు. చాలాకాలం బాగానే నడిచింది. తర్వాత అతను ఉద్యోగం మారి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు అతని ఖాతాను ఎవరో హ్యాక్ చేశారు, ఆ ఖాతా మూతబడింది. పేజీని నడిపే హక్కున్న అడ్మిన్ అతనొక్కడే. పేజీ అందరికీ కనిపిస్తూనే ఉంది, కానీ మేం అందులో ఒక్క అక్షరం మార్చలేం. వచ్చిన మెసేజ్‌లు చూడలేం. దానిమీద ఉన్నది పాత ఫోన్ నంబర్. పరీక్షలు దగ్గర పడ్డాక ఒక విద్యార్థిని పాఠ్యపుస్తకం రికార్డింగ్ కావాలని ఆ పేజీకి మూడుసార్లు మెసేజ్ పెట్టిందని మాకు చాలా ఆలస్యంగా, వేరేవాళ్ల ద్వారా తెలిసింది. అప్పటికి పరీక్షలు అయిపోయాయి. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆ అబ్బాయిని అనడానికేమీ లేదు. రెండో అడ్మిన్‌ను పెట్టమని మాలో ఒక్కరం కూడా అడగలేదు.

ఆ తర్వాత కూర్చుని ఒక షీట్ తయారుచేశాం. ఏ ఖాతా, దాని మెయిల్ ఏది, అడ్మిన్లు ఎవరెవరు, డొమైన్ (అంటే వెబ్‌సైట్ చిరునామా) గడువు ఎప్పుడు, ఇంతే. పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో రాయలేదు, వాటిని భద్రంగా దాచడానికి పాస్‌వర్డ్ మేనేజర్ అనే యాప్ ఉంది. ప్రతి పేజీకీ కనీసం ఇద్దరు పూర్తి హక్కులున్న అడ్మిన్లు. అందరికీ టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే లాగిన్ అయ్యేటప్పుడు పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడగడం. ఫోన్ పోయినా లాగిన్ అవడానికి పనికొచ్చే బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద ప్రింట్ తీసి సంస్థ ఫైల్లో పెట్టాం. డొమైన్ మాత్రం తప్పకుండా సంస్థ పేరు మీదే ఉండాలి. వెబ్‌సైట్ చేసిపెట్టినవాళ్లు తమ పేరు మీద కొంటే, రేపు వాళ్లతో మాట పట్టింపు వచ్చినా, వాళ్లు రెన్యువల్ మర్చిపోయినా మీ చిరునామా పోతుంది. గడువు దాటి కొంతకాలం గడిస్తే దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు.

ఇక వెబ్‌సైట్ ఎందుకు, సోషల్ మీడియా చాలదా అని చాలామంది అడుగుతారు. ఒక్క పేజీ ఉన్నా సరే, సొంత డొమైన్ మీద వెబ్‌సైట్ ఉండాలన్నదే నా గట్టి అభిప్రాయం. వేరేవాళ్ల వేదిక ఎప్పుడైనా పోవచ్చు. చిన్న వీడియోల యాప్ వైన్ 2017లో పోయింది. గూగుల్ వాళ్ల సోషల్ మీడియా గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతబడింది. గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో వ్యాపారం వివరాలు చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో చాలామంది ఉచితంగా చేసుకున్న చిన్న వెబ్‌సైట్లు 2024 మార్చిలో ఆగిపోయాయి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి దాదాపు ఆరు గంటలు పనిచేయలేదు. మూతబడకపోయినా రూల్స్ మారుతుంటాయి. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన ఫీడ్‌లో పేజీల పోస్టుల కన్నా స్నేహితులు, కుటుంబ సభ్యుల పోస్టులకే ప్రాధాన్యం ఇస్తామని ప్రకటించింది. మన ఫాలోవర్లు ఎంతమంది ఉన్నా మన పోస్టు వాళ్లకు చూపించాలో లేదో నిర్ణయించేది మనం కాదు. మెయిల్ జాబితా, ఫోన్ నంబర్ల జాబితా, వెబ్‌సైట్ మాత్రం మన చేతిలోనే ఉంటాయి.

వెబ్‌సైట్ అనగానే భయపడకండి. మీరెవరు, ఏం చేస్తారు, ఎలా సంప్రదించాలి, ఈ మూడూ ఉంటే చాలు. వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్‌లో నేను రెండు రోజుల్లో చేశాను, నాకు ప్రోగ్రామింగ్ రాదు. చిరునామా https తో మొదలై, సైట్ సురక్షితం కాదన్న హెచ్చరిక రాకుండా ఉండాలంటే కావలసిన సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ద్వారా ఉచితంగానే దొరుకుతుంది, వెబ్‌సైట్‌కు చోటిచ్చే చాలా హోస్టింగ్ కంపెనీలు దాన్ని వాటంతట అవే పెట్టేస్తాయి.

వ్యాపారం సంగతికి వస్తే, మా అక్కకు పనికొచ్చింది వాట్సాప్ బిజినెస్ యాప్. అడిగిందే మళ్లీ అడిగే ప్రశ్నలకు క్విక్ రిప్లైలు, అంటే ముందే రాసి ఉంచిన జవాబులు పెట్టుకుంది. ఆర్డర్ ఏ దశలో ఉందో తెలిసేలా లేబుళ్లు పెట్టుకుంది. డిజైన్లన్నీ క్యాటలాగ్‌లో ఉన్నాయి. కానీ మొదట్లో ఆమె ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ సగం మందికి చేరేదే కాదు. కారణం ఏమిటంటే, అవతలివాళ్లు మన నంబర్ తమ ఫోన్లో సేవ్ చేసుకుంటేనే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ చేరుతుంది. ఒక జాబితాలో 256 మందికి మించి పట్టరు కూడా. అప్పటినుంచి బట్టలు ఇచ్చేటప్పుడు "కొత్త డిజైన్లు పంపమంటారా? అయితే నా నంబర్ సేవ్ చేసుకోండి" అని అడుగుతోంది. వద్దన్నవాళ్లకు పంపదు. జాబితా చిన్నదైంది, కానీ జవాబులు పెరిగాయి. కస్టమర్లను నేరుగా కలిసే వ్యాపారమైతే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా పెట్టుకోండి, ఉచితం. పనివేళలు మారినప్పుడు అందులోనూ మార్చాలి. దూరం నుంచి వచ్చిన మనిషి మూసి ఉన్న తలుపు చూసి వెనక్కి వెళ్తే మళ్లీ రాడు.

స్వచ్ఛంద సంస్థకు వేరే దారులున్నాయి, చాలామందికి తెలియవు. మీ సంస్థ చట్టప్రకారం రిజిస్టరై ఉంటే స్వచ్ఛంద సంస్థల కోసం గూగుల్ నడిపే గూగుల్ ఫర్ నాన్‌ప్రాఫిట్స్‌కు అప్లై చేయండి. సంస్థ పేరుతో మెయిల్ ఉచితంగా వస్తుంది. అందులోనే ఉన్న ఉచిత ప్రకటనల పథకం యాడ్ గ్రాంట్స్ వస్తే నెలకు 10 వేల డాలర్ల విలువ దాకా సెర్చ్ ప్రకటనలు ఉచితం. కాకపోతే షరతులున్నాయి. సొంత డొమైన్ మీద వెబ్‌సైట్ ఉండాలి, ప్రకటన చూసినవాళ్లలో కనీసం 5 శాతం మంది దానిమీద క్లిక్ చేయాలి. మేం మొదటి రెండు నెలలు వృథా చేశాం. ప్రకటన నొక్కితే హోమ్ పేజీ వచ్చేది, వచ్చినవాళ్లు ఏం చేయాలో తెలియక వెళ్లిపోయేవారు. నేరుగా "పుస్తకం చదవడానికి పేరు ఇవ్వండి" అన్న ఫారం పేజీకి మార్చాక వలంటీర్లు రావడం మొదలైంది. పోస్టర్లు తయారుచేసుకునే క్యాన్వా యాప్ కూడా నాన్‌ప్రాఫిట్ సంస్థలకు ప్రో సౌకర్యాలు ఉచితంగా ఇస్తుంది. సాఫ్ట్‌వేర్ తక్కువకో, ఉచితంగానో కావాలంటే టెక్‌సూప్ అనే సంస్థ దగ్గర చూడండి, వాళ్లు 1987 నుంచి ఈ పనిలోనే ఉన్నారు.

పోస్టర్ల మాట వచ్చింది కాబట్టి ఇది తప్పక చెప్పాలి. మేం పనిచేసేది చూపు లేనివారి కోసం. అయినా చాలాకాలం కొత్త పుస్తకాల వివరాలన్నీ అందమైన బొమ్మల్లో రాసి పెట్టాం. ఒకరోజు మా శ్రోత ఒకాయన ఫోన్ చేసి, "అమ్మా, మీరేదో ఫొటో పెట్టారు, నా ఫోన్ 'ఇమేజ్' అని చెప్పి ఊరుకుంది, అందులో ఏముంది?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. బొమ్మలోని అక్షరాల్ని, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సరిగా చదువుతుందని నమ్మకం లేదు. అందుకే ప్రతి బొమ్మకూ ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మలో ఏముందో చెప్పే వాక్యం రాయండి, తేదీ, సమయం, నంబర్ పోస్టులో అక్షరాల్లోనూ పెట్టండి. తెలుగు యూనికోడ్‌లోనే, అంటే ఫోన్లలో, కంప్యూటర్లలో అన్నిచోట్లా ఒకేలా చదవగలిగే పద్ధతిలోనే ఉండాలి. ప్రింటింగ్ పనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసింది కాపీ చేసి పెడితే అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది, సెర్చ్‌లోనూ దొరకదు. వీడియోలకు క్యాప్షన్లు పెడితే వినపడనివారికీ ఉపయోగం.

ఏది పనిచేస్తోందో తెలుసుకోవడానికి ఎంతమంది చూశారు, నొక్కారు అని చెప్పే అనలిటిక్స్ లెక్కలు చూసి టెన్షన్ పడక్కర్లేదు. మా ఫారంలో "మా గురించి ఎలా తెలిసింది?" అని ఒక్క ప్రశ్న పెట్టాం. మేం వారాల తరబడి కష్టపడి చేసిన వీడియోల పేరు అరుదుగా వచ్చేది. ఎక్కువమంది "స్నేహితురాలు మెసేజ్ ఫార్వర్డ్ చేసింది" అనే రాశారు. అప్పుడు వీడియోలు తగ్గించి, ఫార్వర్డ్ చేయడానికి వీలుగా నాలుగు వాక్యాల మెసేజ్‌లు రాయడం మొదలుపెట్టాం.

ఎన్ని చోట్ల ఉండాలంటే, రోజూ ఎవరో ఒకరు మెసేజ్‌లు చూసి జవాబివ్వగలిగినన్ని చోట్లే. చూసుకోలేని పేజీని తెరిచి ఉంచడం కన్నా, "ఇక్కడ చూడటం లేదు, ఈ వెబ్‌సైట్‌కు రండి" అని పైన ఒక పోస్టు పిన్ చేయడం మంచిది.

మీ కస్టమర్లు నేరుగా వస్తారా, అంతా ఆన్‌లైన్‌లోనేనా, సంస్థ రిజిస్టరైందా లేదా అన్నది మీరు రాయలేదు. అవి చెప్తే మీకు ఏది ముందో ఇంకా వివరంగా రాస్తాను. ఈలోగా ఆ షీట్ మాత్రం ఈరోజే మొదలుపెట్టండి, అరగంట పని.