సైదాపేట క్లినిక్‌లో చేరబోతున్న మా అమ్మాయికి

అమ్మాయీ,

ఎంబీబీఎస్ తరవాత చేసే డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్ మూడేళ్ల చదువులో ఇలాంటి చిన్న క్లినిక్ ఏం నేర్పుతుందని నువ్వు అడిగినట్టు తమ్ముడు చెప్పాడు. చాలా నేర్పుతుంది. పెద్దాసుపత్రికి జబ్బు ముదిరి, పేరు పెట్టించుకుని వస్తుంది. ఇక్కడికి వచ్చేటప్పటికి అది ఒట్టి నలతే. దాన్ని ఆ దశలో పట్టుకోవాలంటే అదే మనిషిని మళ్లీ మళ్లీ చూడాలి.

చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వాటితోపాటే జ్వరాలు. మొదటి రోజు ఏ జ్వరమైనా ఒకేలా ఉంటుంది. డెంగీలో అసలు ప్రమాదం సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, జ్వరం దిగే సమయంలో మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకునేదీ అప్పుడే. అందుకే ‘తగ్గకపోతే రండి’ అని పంపెయ్యకు. తగ్గినా రమ్మను. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలని తెలుగులోనో తమిళంలోనో ఇంట్లోవాళ్లకు చెప్పి, వాళ్ల చేత తిరిగి చెప్పించుకో. రాని రోజున నువ్వే ఫోను చెయ్యి.

పెద్దవాళ్లు మందుల సంచీ తెస్తారు. మొత్తం బల్లమీద పోయించు. ఒక డాక్టరు షుగరుకు రాసిన మెట్‌ఫార్మిన్ ఒక అట్టలో ఉంటుంది. ఇంకో డాక్టరు రాసిన రెండు మందులు కలిసిన మాత్రలోనూ అదే ఉంటుంది, పేరు వేరు. ఇద్దరి చీటీలూ విడివిడిగా చూస్తే తప్పు కనిపించదు. అట్ట వెనక చిన్న అక్షరాలు చదవడం ఇప్పుడే అలవాటు చేసుకో.

బీపీ చూసేముందు ఐదు నిమిషాలు కూర్చోనివ్వు. వీపు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. బయట ఎంతమంది ఎదురుచూస్తున్నా ఇందులో తొందర వద్దు.

ముందు కొన్నాళ్లు డాక్టరుగారి పక్కన కూర్చుని వినడమే నీ పని. తరవాత నువ్వు చూసి ఆయనకు చెప్పాలి. శిక్షణలో ఉన్నానని రోగికి ముందే చెప్పు, వద్దంటే నొచ్చుకోకు. సందేహం వస్తే రోగి గడప దాటకముందే ఆయన్ను అడుగు. సాయంత్రం అడిగితే నీకు జవాబు దొరుకుతుందేగాని, ఆ రోగికి ఉపయోగం ఉండదు.

నువ్వు ఏమనుకున్నావో, చివరికి ఏమని తేలిందో రెండూ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టు. ఆదివారం ఫోనులో మాట్లాడుకుందాం. రోగుల పేర్లు మాత్రం నాకు కూడా చెప్పవద్దు.

ఆశీస్సులతో,
పెదనాన్న