చీకటియే బంధువర్గమైనప్పుడు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం జబ్బు గురించి, చావు గురించి, అప్పు గురించి. రాసినవారి ఊరు తప్ప మరే వివరమూ వేయడం లేదు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబు రాశాం.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా ఆయనకి కిడ్నీలు పాడై రెండేళ్లయింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. మొన్న ఒక స్వస్థత కూటానికి తీసుకెళ్తే, "మీ ఇంట్లో ఒప్పుకోని పాపం ఉంది. మిషను మీద ఆధారపడకండి, వారం రోజులు ఉపవాసం ఉండి డయాలసిస్ మానేయండి" అన్నారు. ఆయన సరేనంటున్నారు. మాకేటి పాపం చుట్టుకుందో తెలియక రాత్రిళ్లు నిద్ర లేదు. (ఒక సోదరి, కవిటి మండలం)

జవాబు: అమ్మా, డయాలసిస్ మాననివ్వకండి. ఇవాళో రేపో ఆయన వంతు ఉంటే ముందు ఆయన్ని పంపించి, తర్వాత ఈ జవాబు చదువుకోండి. ఒక్క వంతు తప్పినా రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు, మరీ పెరిగితే గుండె ఆగిపోవచ్చు కూడా. ఒంట్లోంచి పోవలసిన నీరు ఊపిరితిత్తుల్లో చేరితే, పడుకోగానే ఆయాసం మొదలవుతుంది. ఇది విశ్వాసం ఎక్కువా తక్కువా అనే సంగతి కాదు. మానేయమన్నవారు ఆ రాత్రి మీ ఇంట్లో ఉండరు.

బైబిల్లో ప్రార్థనకీ మందుకీ తగవు లేదు. హిజ్కియా రాజు మరణకరమైన జబ్బుతో ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు విన్నాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20:7). ఎందరినో స్వస్థపరచిన పౌలు, తనతో ప్రయాణించిన త్రోఫిము రోగియై ఉన్నప్పుడు అతన్ని మిలేతులో విడిచి రావలసి వచ్చింది (2 తిమోతి 4:20). త్రోఫిముకు విశ్వాసం లేదని పౌలు ఎక్కడా అనలేదు.

ఇక పాపం మాట. పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది అచ్చంగా మీ ప్రశ్నే: ఎవడు పాపము చేసెను, వీడా, వీని కన్నవారా? యేసు జవాబు, "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" (యోహాను 9:3). యోబుతో "నువ్వేదో చేసే ఉంటావు" అని అధ్యాయాల కొద్దీ వాదించిన స్నేహితుల మీదే చివరికి దేవుని కోపం మండింది (యోబు 42:7). మీ చుట్టుపక్కల సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస దాకా ఎన్ని వేల ఇళ్లలో ఈ జబ్బు ఉందో మీకు తెలియంది కాదు. అందులో గుడికి వెళ్లేవారున్నారు, చర్చికి వెళ్లేవారున్నారు, షుగరూ బీపీ లేని కూలివాళ్లున్నారు. ఏళ్లుగా పరిశోధకులు నీళ్లనీ మట్టినీ ఎండలో పనినీ పరీక్షిస్తున్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. ఇంతమందికి వచ్చిన జబ్బును ఒక్క ఇంటి పాపానికి ముడిపెట్టే అధికారం ఎవరికీ లేదు.

ఉపవాసం విషయంలో మాత్రం వివరంగా చెప్పాలి, మా వైపు విశ్వాసులు తెలియక ప్రాణం మీదికి తెచ్చుకునేది ఇక్కడే. డయాలసిస్ మీద ఉన్నవారు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు. అంతకన్నా ప్రమాదం, ఉపవాసం విడిచేటప్పుడు. కొబ్బరితోటల ఊళ్లలో చేతికందేది కొబ్బరిబోండం. ఒక్క బోండంలోనే పొటాషియం చాలా ఉంటుంది. అరటిపండు, బత్తాయి రసం, ఖర్జూరం కూడా అంతే. జీడిపప్పులో పొటాషియంతోపాటు భాస్వరమూ ఎక్కువే. "బీపీకి మంచిది" అని అమ్మే తక్కువ సోడియం ఉప్పు కొనకండి, అందులో సోడియం బదులు కలిపేది పొటాషియమే. కూరగాయలు సన్నగా తరిగి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చితే పొటాషియం కొంత తగ్గుతుంది.

కూటాల్లో ఇచ్చే ప్రార్థించిన నీళ్ల సీసా కూడా నీళ్ల లెక్కలోకే వస్తుంది. డాక్టరు రోజుకు ఇంత అని చెప్పిన కొలత ఉంటుంది కదా, పొద్దున్నే ఆ కొలత ఒక సీసాలో పోసి పెట్టండి. టీ తాగినా మజ్జిగ తాగినా అంత నీరు సీసాలోంచి తీసేయండి. సీసా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. చర్చిలో ప్రభువు బల్ల ఆరాధనలో తీసుకునే గుక్కెడు రసం గురించి బెంగ వద్దు.

పెద్దలు వచ్చి చేతులుంచి ప్రార్థిస్తే సంతోషమే, పెద్దలను పిలిపించి నూనె రాయించుకుని ప్రార్థన చేయించుకోమని యాకోబు పత్రిక 5:14 చెబుతుంది. ఫిస్టులా వేసిన చెయ్యి (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపిన చెయ్యి) మాత్రం పట్టుకోనివ్వకండి. ఉద్రేకంలో గట్టిగా నొక్కితే లోపల రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోవచ్చు. తల మీద చెయ్యి వేయమనండి. నూనె నుదుటికి రాయమనండి, సూదులు గుచ్చిన చోట వద్దు. రోజూ పొద్దున్న ఆ చేతి మీద వేళ్లుంచితే సన్నగా గుయ్యిమనే అదురు తెలియాలి. తెలియకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

డయాలసిస్ మంచం మీద నాలుగు గంటలు పడుకోవాలి. చాలామందికి ఆ నాలుగు గంటలే భయం. ఒక చిన్న కీర్తనను ఒక నెలంతా పట్టుకోమనండి, 23 గానీ 121 గానీ. మిషను పెట్టేటప్పుడు ఒకసారి, తీసేటప్పుడు ఒకసారి. రోజుకో కొత్త వాక్యం వెతికితే ఒంట్లో నీరసానికి ఏదీ నిలవదు.

ప్రశ్న: మా అమ్మ కోసం ఊరి సంఘమంతా ఏడాదిపాటు ప్రార్థన చేసింది. అయినా పోయింది. ఇప్పుడు మోకరిస్తే కోపం తప్ప మాట రావట్లేదు. "దేవుణ్ణి ప్రశ్నించకూడదు" అంటున్నారు. నాకు విశ్వాసం పోయినట్టేనా? (ఒక యువకుడు, రాజాం)

జవాబు: తమ్ముడూ, దేవుడంటే నమ్మకం పోయినవాడు ఆయన మీద కోపగించుకోడు, ఊరుకుంటాడు. నువ్వు ఇంకా ఆయనతోనే తగువు పడుతున్నావు.

ప్రశ్నించకూడదనే మాట బైబిల్లో నిలవదు. 150 కీర్తనల్లో దాదాపు మూడోవంతు మొరలే. 13వ కీర్తన తెరువు, ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లోనే "ఎంతకాలం" అని నాలుగుసార్లు అడుగుతాడు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలుపెట్టినవాడిని దేవుడు తరిమేయలేదు, ఆ పాటను ఆరాధన పుస్తకంలో ఉంచాడు. సిలువ మీద యేసు నోట వచ్చిందీ 22వ కీర్తనలోని మొరే: "నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి?"

ఆ 13వ కీర్తన వరసనే నువ్వు వాడుకో. ఒక నోటుబుక్కు పెట్టుకుని దీపాలు పెట్టే వేళ పది నిమిషాలు కూర్చో. పడుకోబోయే ముందు వద్దు, కోపం నిద్రలోకి వస్తుంది. మొదటి వరసలో దేవుణ్ణి పేరుపెట్టి పిలువు. తర్వాత ఫిర్యాదు, ఉన్నదున్నట్టు. "మా కుటుంబంలో శోధనలు కలిగెను" అని కూటం భాషలో రాయకు. "అమ్మ మంచం ఖాళీగా ఉంది, ఆ గదిలోకి నేను వెళ్లలేకపోతున్నాను" అని రాయి. మూడోది అడగడం. పెద్దది కాదు, రేపటికి సరిపడేది: నిద్ర కావాలా, నాన్నతో మాట్లాడే ఓపిక కావాలా. నాలుగోది, ఆ కీర్తనలో "నేనైతే నీ కృపయందు నమ్మికయుంచి యున్నాను" అనే మలుపు. అది నీకు నిజంగా అనిపిస్తేనే రాయి. లేకపోతే తేదీ వేసి ఆ వరస ఖాళీగా వదిలెయ్.

చాలామంది తప్పటడుగు వేసేది ఈ నాలుగో వరస దగ్గరే. ఫిర్యాదు పూర్తికాకముందే భయపడి స్తుతిలోకి దూకుతారు. లోపలి కోపం అలాగే ఉండి, కొన్నాళ్లకు ప్రార్థనంటేనే వెగటు పుడుతుంది. ఇంకో తప్పు, పది నిమిషాలు గంటన్నర కావడం. అప్పుడది మొర కాదు, పుండును గోకడం. గడియారం పెట్టుకో. ఆ పుస్తకం ఎవరికీ చూపించనక్కరలేదు.

88వ కీర్తనలో ఆ మలుపే లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో అయిపోతుంది. అదీ పరిశుద్ధ గ్రంథమే. నీ పుస్తకంలో నెల రోజులు నాలుగో వరస ఖాళీగా ఉన్నా నువ్వు ఒంటరివి కావు.

అసలు మాటే రాని రోజున మోకరించి ఊరికే కూర్చో. ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో ఆత్మ తానే మన పక్షముగా విజ్ఞాపనము చేస్తాడని రోమా 8:26లో ఉంది. ఆ పూట ప్రార్థన బాధ్యత నీది కాదన్నమాట.

తిండీ నిద్రా చూసుకో. ఏలీయా ప్రవక్త చావు కోరుకుని బదరీవృక్షము క్రింద పడుకున్నప్పుడు దూత వచ్చి వాక్యం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు పెట్టి తినమన్నాడు. మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు (1 రాజులు 19). దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే. రెండు వారాలు దాటాక కూడా నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు, డబ్బు పడదు, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడవచ్చు. పాస్టరుగారికీ చెప్పు. రెండూ చెయ్యి, ఒకటి చాలనుకోకు.

ప్రశ్న: 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరినీ జీడినీ నేలకూల్చింది. అది మా ఊరి విగ్రహారాధనకి శిక్ష అని ఇప్పటికీ ప్రసంగాల్లో వింటున్నాం. నిజమేనా? (పలాస మండలం)

జవాబు: కాదు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోతే, వాళ్లు యెరూషలేములో మిగతావారికన్నా అపరాధులు కారని యేసు తేల్చి చెప్పాడు (లూకా 13:4-5). ఆ గాలికి విశ్వాసుల చెట్లూ పడ్డాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్లు పడుతుంది. అన్నేళ్లు ఆదాయం లేని పొరుగువాడికి, ఏ మతంవాడైనా సరే, సంఘం చేయగలిగిన సాయం గురించి ప్రసంగించమని మీ బోధకుణ్ణి అడగండి.

ప్రశ్న: మా స్త్రీల సమాజం తరఫున చావు జరిగిన ఇళ్లకు ఆదరణకు వెళ్తుంటాం. వెళ్లాక ఏం మాట్లాడాలో తెలియదు, ఒక్కోసారి మా మాటలకే వాళ్లు ఇంకా ఏడుస్తారు. (బొబ్బిలి)

జవాబు: అమ్మా, ఏడవడం మీ తప్పు కాదు. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు అతని సమాధికి వెళ్లే ముందు కన్నీళ్లు విడిచాడు. "ఏడ్చు వారితో ఏడువుడి" అని రాసిన పౌలు, వాళ్ల ఏడుపు ఆపమని రాయలేదు.

ఇద్దరో ముగ్గురో వెళ్లండి, పదిహేనుమంది కాదు. ఇరవై నిమిషాలు చాలు. కుర్చీల కోసం వాళ్లను లేపకుండా చాప మీద కూర్చోండి. ఎలా జరిగింది, ఏ ఆసుపత్రి, ముందే తీసుకెళ్లకపోయారా అని అడగవద్దు. ఆ కథ అప్పటికే యాభైసార్లు చెప్పి ఉంటారు. "మంచివాళ్లను దేవుడు ముందే తీసుకెళ్తాడు" అనే మాట బైబిల్లో లేదు, పిల్లలున్న తల్లితో అస్సలు అనకండి. దేవుని ప్రేమించేవారికి సమస్తమూ మేలుకే జరుగుతుందనే రోమా 8:28 సత్యమే, కానీ మొదటి వారంలో అది ఓదార్పులా కాక తీర్పులా వినబడుతుంది. కీర్తన 34:18 ఒక్కటి చదివి, రెండు నిమిషాలు ప్రార్థించి, చనిపోయినవారి పేరు పలకండి. యోబు స్నేహితులు చేసిన ఒకే ఒక మంచిపని ఏడు రోజులు నోరు తెరవకుండా పక్కన కూర్చోవడం.

చేతులతో చేసే సాయమే ఎక్కువ నిలుస్తుంది. అన్నం, పప్పుచారు తిరిగి ఇవ్వక్కరలేని డబ్బాల్లో తీసుకెళ్లండి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ఆ కాగితం లేకపోతే బ్యాంకు ఖాతా, బీమా, వితంతు పింఛను అన్నీ ఆగిపోతాయి. మీలో చదువుకున్న ఒకామె సచివాలయానికి తోడు వెళ్తే అదే గొప్ప ఆదరణ.

చావు తర్వాత పెట్టే ఆదరణ కూడిక ఖర్చు గురించి కూడా గట్టిగా చెప్పాలి. అప్పు చేసి మూడొందలమందికి భోజనాలు పెట్టడం మన సంఘాల్లో ఆనవాయితీగా మారింది. ఇది ఆ కుటుంబం మీద రెండో దెబ్బ. టీ, బిస్కెట్లతో ముగించేలా సంఘ పెద్దలే తీర్మానం చేయాలి, ఆ ఇంటివాళ్ల నోట అనిపించకూడదు. ఇక మీ సమాజం పుస్తకంలో తేదీలు రాసుకోండి: నలభయ్యో రోజు, మూడో నెల, పోయినవారి పుట్టినరోజు, మొదటి క్రిస్మస్. అందరూ వచ్చేది మొదటి వారం, మీరు వెళ్లాల్సింది ఆ తర్వాత. మొదటి క్రిస్మస్‌కి వాళ్లు ఇంటికి నక్షత్రం కట్టకపోతే ఎందుకని అడగకుండా, పక్కన కూర్చుని రండి.

ప్రశ్న: జూటు మిల్లు మూతపడ్డాక కూలికి వెళ్తున్నాను. నెలకు తొమ్మిది వేలు వస్తాయి. యాభై వేల అప్పుకు నూటికి మూడు రూపాయల వడ్డీ. దశమభాగం (ఆదాయంలో పదోవంతు కానుక) ఇవ్వనందుకే కష్టాలు అంటున్నారు. అభిషేక తైలం సీసా కొంటే అప్పు తీరుతుందని ఒకరు చెప్పారు. (విజయనగరం దగ్గర)

జవాబు: మీ వడ్డీ ఒక్కటే నెలకు పదిహేను వందలు, ఏడాదికి పద్దెనిమిది వేలు. ముందు అసలు తగ్గించండి. "శక్తికి మించి కాదు గాని కలిమి కొలదియే యిచ్చినది ప్రీతికరమవును" (2 కొరింథీ 8:12). తల్లిదండ్రులకు పెట్టాల్సింది ఎగ్గొట్టి "కొర్బాన్" అని దేవునికి ఇచ్చేవారిని యేసు గద్దించాడు (మార్కు 7:11). పిల్లల కడుపు మాడ్చిన కానుకా అలాంటిదే. సంఘంలో తక్కువ వడ్డీకి ఇచ్చే పొదుపు సంఘం మహిళలుంటే, మీ ఇంటావిడ ద్వారా అప్పు అందులోకి మార్చుకునే వీలు చూడండి. అప్పు తీరేదాకా మీ ఇంట్లో వంట చేసేటప్పుడు తీసిపెట్టే పిడికెడు బియ్యమే మీ కానుక. తైలం సీసా కొనకండి. డబ్బిచ్చి దేవుని వరం కొనుక్కోవాలని వచ్చిన సీమోనుతో పేతురు ఏమన్నాడో అపొస్తలుల కార్యములు 8:20 చదివి, ఆ సీసా అమ్మినతనికి కూడా చదివి వినిపించండి.