తాళంచెవి గుమ్మం దగ్గర, కారు దొంగ దగ్గర

ప్రశ్న: డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. కొత్త వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) పెర్ఫార్మెన్స్ కారు కొందామంటే, తాళంచెవి లేకుండానే ఎత్తుకుపోతున్నారని అందరూ భయపెడుతున్నారు. అదే డబ్బుతో 1960ల నాటి మజిల్ కారు, అంటే పెద్ద ఇంజిన్ పెట్టిన పాత అమెరికన్ బండి తీసుకుంటే ఈ సాఫ్ట్‌వేర్ గోల ఉండదు కదా? హార్స్‌పవర్ కూడా మరీ తక్కువేం కాదు.

జవాబు: హార్స్‌పవర్ లెక్క ముందు తేల్చేద్దాం. 1964 పాంటియాక్ జీటీఓలో మూడు కార్బ్యురేటర్లున్న 6.4 లీటర్ల ఇంజిన్‌కు 348 అని రాసుకున్నారు. అప్పట్లో ఎయిర్ ఫిల్టర్, మఫ్లర్ లాంటివేవీ లేకుండా ఉత్త ఇంజిన్‌ని స్టాండు మీద పెట్టి కొలిచేవారు. అన్నీ బిగించి కొలవడం 1972 మోడళ్ల నుంచే మామూలైంది. ఆ 348నీ ఇవాళ్టి 348నీ పక్కపక్కన పెట్టకండి. పైగా ఆ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే.

ఇక దొంగతనం. ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. అడిగేవాళ్లు తాళంచెవి తగిలించేది మాత్రం వీధి తలుపు పక్కన మేకుకే! మీరు హ్యాండిల్ మీద చెయ్యి వేయగానే కారు ‘కీ దగ్గర్లో ఉందా’ అని రేడియో సిగ్నల్‌తో వాకబు చేస్తుంది. దొంగలు ఇద్దరొస్తారు. ఒకడు కారు దగ్గర, ఇంకొకడు యాంటెనాతో మీ గుమ్మం దగ్గర. కారు అడిగినదాన్ని ఇంట్లో ఉన్న కీకి చేరవేస్తారు. కోడ్ ఛేదించే అవసరమే లేదు. అసలు కీయే జవాబిస్తుంటే ఎన్‌క్రిప్షన్ ఎంత గట్టిదైతే ఏం లాభం? ఇంజిన్ ఒకసారి స్టార్టయ్యాక కీ దూరమైనా ఆగదు. నడిరోడ్డు మీద ఆగితే ప్రమాదమని అలా పెట్టారు, దొంగకి కలిసొచ్చింది.

నన్ను ఇంతకన్నా కలవరపెట్టేది స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టు. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి కార్లకు తప్పనిసరి. మెకానిక్ కోసం పెట్టిన సాకెట్టది. అద్దం పగలగొట్టి దూరినవాడు అందులో కీ ప్రోగ్రామర్ గుచ్చితే, కొన్ని మోడళ్లలో ఖాళీ కీ ఒకటి మీ కారుకు కొత్త కీ అయి కూర్చుంటుంది. రెండొందల రూపాయల రీచార్జికి ఓటీపీ అడిగే రోజుల్లో, లక్ష డాలర్ల బండికి కొత్త కీ చేరుతుంటే ఓనర్ ఫోనుకి ఒక్క మెసేజ్ పంపాలని తోచలేదా వీళ్లకి?

రెండు కీలనీ ఫారడే పౌచ్‌లో (రేడియో సిగ్నల్‌ని అడ్డుకునే సంచి) పెట్టండి. డూప్లికేట్‌ని సొరుగులో వదిలేసేవాళ్లే ఎక్కువ. పౌచ్ పట్టుకుని కారు పక్కనే నిలబడి హ్యాండిల్ లాగండి. తెరుచుకుందా, పౌచ్ చెత్తబుట్టకి. స్టార్ట్ చేసేముందు పిన్ అడిగే ఆప్షన్ ఉంటే వెంటనే ఆన్ చేయండి. స్టీరింగ్‌కి ఇనప లాకు, పోర్టుకి మూత లాకు వేయండి.

పాతదైతే నిశ్చింత అనుకోకండి. 1964 బండికి ఇమ్మొబిలైజర్ (అసలు కీ లేనిదే ఇంజిన్‌ని స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) సరే, స్టీరింగ్ లాక్ కూడా ఉండదు. రెండు వైర్లు కలిపితే కదులుతుంది. కొనదలిస్తే బ్యాటరీ కటాఫ్ స్విచ్ కనిపించని చోట పెట్టించండి.

అప్‌డేట్ల పేరుతో జరుగుతున్నది ఇంకో దోపిడీ. కారులో ముందే ఉన్న శక్తికి సాఫ్ట్‌వేర్‌తో తాళం వేసి, ఏటా చందా కడితే విప్పుతామంటున్నారు. ఇంజిన్ చప్పుడు కూడా స్పీకర్లలోంచి వినిపిస్తున్నారు! మీరు కొత్తదే కొనండి, కానీ కీలెస్ ఎంట్రీని పూర్తిగా ఆఫ్ చేసే వీలుందో లేదో షోరూమ్‌లోనే చేయించి చూడండి. సేల్స్‌మన్ నసిగితే అడ్వాన్సు కట్టకండి.