కావలి అబ్బాయికి ఒంగోలు పెద్దమ్మ ఉత్తరం

నాయనా,

నీ ఫోను వచ్చినప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నాను. తెలుగు వికీపీడియాలో క్రైస్తవం మీద, ముఖ్యంగా కాల్వినిజం మీద, అంటే ప్రొటెస్టెంట్ సంస్కర్త జాన్ కాల్విన్ బోధ మీద, వ్యాసాలు రాయడానికి ఎనిమిదిమంది కలిశారనీ, అందరినీ కలుపుకొని నడిపించే పని నీ మీద పెట్టారనీ చెప్పావు. వింటుంటే ఎంత సంతోషమేసిందో. ఫోన్లో సగమే చెప్పగలిగాను, మిగతాది రాస్తున్నాను.

వ్యాసాలు పంచడం మొదటి పని అనుకుంటున్నావు. కాదు నాయనా. ముందు మాటల పట్టిక తయారు చెయ్యండి. మనం బాప్తిస్మం అంటాం, కథోలికులు జ్ఞానస్నానం అంటారు. మనకు సంఘం, వాళ్లకు శ్రీసభ. ఎవరి వ్యాసంలో వాళ్ల మాట ఉండాలి, రెండో మాట దారిమార్పు పేజీగా ఉండాలి, అది వెతికినా అదే వ్యాసం తెరుచుకోవాలి. ఇది మొదటి రోజే తేల్చుకోకపోతే ఒకరు రాసింది ఇంకొకరు మారుస్తూ పోతారు. దిద్దుబాటు యుద్ధాలు ఎక్కువగా పుట్టేది సిద్ధాంతం దగ్గర కాదు, ఇలాంటి మాటల దగ్గరే.

కాల్వినిజం దగ్గరికి వచ్చేసరికి ఈ పట్టిక ఇంకా అవసరం. దేవుడు కొందరిని రక్షణకు ఎంచుకున్నాడన్న బోధకు మీవాళ్లలో ఒకరు 'ఎన్నిక' అని శీర్షిక పెట్టారు కదా, వికీలో చిత్తు రాసుకునే ప్రయోగశాల పేజీలో చూశాను. మామూలు పాఠకుడు ఆ మాట చూస్తే ఓట్లనుకుంటాడు. మన తెలుగు బైబిలు ఎఫెసీ పత్రికలో 'ఏర్పరచుకొనెను' అంటుంది, రోమా పత్రికలో 'కృపయొక్క యేర్పాటు' అంటుంది. మాట అక్కడే ఉంది, కొత్తగా పుట్టించనక్కర్లేదు. అట్లాగే 'ముందుగా నిర్ణయించెను' అన్నదాని నుంచి 'ముందస్తు నిర్ణయం' వస్తుంది. నూరేళ్లుగా జనం నోట్లో నలిగిన మాటలను పక్కనపెట్టి నిఘంటువు చూసి తయారుచేసిన మాటలు పెడితే, మన పల్లెల్లో బైబిలు చదివే అమ్మకు కూడా ఆ వ్యాసం అర్థం కాదు.

యంత్రానువాదం వాడుకోవద్దని నేను చెప్పను, పొద్దు కలిసొస్తుంది. కానీ ప్రతి వాక్యం చదివి తిరిగి రాయాలి. ఒక చిత్తుప్రతిలో సంఘ పెద్దలు 'వృద్ధులు' అయ్యారు. కాల్విన్ 1536లో బాసెల్‌లో అచ్చు వేయించిన 'ఇన్‌స్టిట్యూట్స్' అనే లాటిన్ గ్రంథం పేరు 'క్రైస్తవ మత సంస్థలు' అయింది. అక్కడ ఆ మాటకు బోధ అని అర్థం. దాన్ని పట్టుకోవాలంటే ఇంగ్లీషు వస్తే చాలదు, విషయం తెలియాలి.

ఇక మనుషుల సంగతి. మీలో బాప్టిస్టులున్నారు, గూడూరు నుంచి లూథరన్ అమ్మాయి ఉంది, ఒక కథోలిక్ అబ్బాయి ఉన్నాడు, సంస్కరణ బోధ కొత్తగా పట్టుకున్న కుర్రాడు ఒకడున్నాడు. అతని ఉత్సాహం అణచొద్దు, కాల్విన్ మీద అంత చదివినవాడు మీలో ఇంకెవరూ లేరు. అయితే అతను రాసిన ప్రతి వ్యాసాన్నీ ముందు లూథరన్ అమ్మాయి చదవాలి. ఆమె రాసింది కథోలిక్ అబ్బాయి చదవాలి. మన బాప్టిస్టుల చరిత్ర బాప్టిస్టులు కానివాళ్లు చూడాలి. మీ వీధిలో హిందువైన లెక్కల మాస్టారు ఉన్నారే, ఆయన్ను బతిమాలైనా తెచ్చుకో. ఆయనకు అర్థమై, 'ఇది ప్రసంగంలా ఉందే' అని ఎక్కడా అనిపించకపోతే వ్యాసం తయారైనట్టే. 'దైవజనులు', 'మహాభక్తుడు', 'గారు' లాంటివి తీసేయండి. అందులో అగౌరవం ఏమీ లేదు. కాల్విన్‌కైనా మన ఒంగోలు మిషనరీ క్లౌ దొరకైనా 'ఆయన' చాలు.

కాల్విన్ వ్యాసంలో మీకు గొడవ వచ్చేది సెర్వెటస్ అనే పండితుడి దగ్గర. 1553 అక్టోబరు 27న జెనీవాలో అతన్ని సజీవంగా కాల్చారు. ఒకరు ఆ భాగాన్ని ఒక్క వాక్యానికి కుదిస్తారు, ఇంకొకరు వ్యాసం మొదట్లోకి తెస్తారు. ఉన్నది ఉన్నట్టు రాయండి: త్రిత్వాన్ని, పసిపిల్లల బాప్తిస్మాన్ని కాదన్నందుకు శిక్ష పడింది. కాల్విన్ మరణశిక్షను సమర్థించాడు, అయితే కాల్చకుండా తల తీయమన్నాడు. రెండూ రాయాలి, రెంటికీ మూలం ఇవ్వాలి. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వకూడదనే మాట మన ఒంగోలు బాప్టిస్టులదీ అని గుర్తుంటే, ఆ పేరా రాసేటప్పుడు చెయ్యి నిదానిస్తుంది.

అలాగే 'కాల్విన్ అయిదు సూత్రాలు' అని రాయనివ్వకు. కాల్విన్ 1564లో చనిపోయాడు. కాల్విన్ బోధతో విభేదించిన డచ్చి పండితుడు అర్మీనియస్ శిష్యులు 1610లో అయిదు అంశాలు ముందుపెడితే, వాటికి జవాబుగా 1618-19లో డచ్చి దేశంలో డోర్ట్ ఊళ్లో కూడిన సంఘ పెద్దల సభ తీర్మానాలు చేసింది. తులిప్ పువ్వు పేరుతో వాటిని గుర్తుపెట్టుకునే పద్ధతి ఇంగ్లీషు అక్షరాల నుంచి చాలా ఆలస్యంగా వచ్చింది.

మన ఊళ్ల వ్యాసాలకు 'కాల్వినిజం' అనే వర్గం (వ్యాసం కింద ఉండే విషయాల పేరు) తగిలించాలని ఆ కుర్రాడు అడుగుతున్నాడన్నావు. ఆధారం లేకుండా వద్దు. బాప్టిస్టుల్లో కాల్విన్ బోధ ఒప్పుకున్నవాళ్లున్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఇంగ్లండు బాప్టిస్టు బోధకుడు స్పర్జన్ ఒప్పుకున్నాడని మన నెల్లూరు మిషను మొత్తాన్నీ ఆ గాటన కట్టకూడదు. ప్రొటెస్టెంట్లందరూ సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. 1947లో ఆ సంఘం ఏర్పడినప్పుడు ప్రెస్బిటేరియన్లు కలిశారు, బాప్టిస్టులు కలవలేదు. జిల్లా పేర్లు కూడా చూసుకోండి. 1840లో మిషనరీ శామ్యూల్ డే నెల్లూరు వచ్చిన నాటికి ఒంగోలు ఉన్నది నెల్లూరు జిల్లాలోనే. 1904లో గుంటూరులో కలిసింది. 1970లో ఒంగోలు జిల్లా అయింది, 1972లో ప్రకాశం పేరు పెట్టారు. '1866లో క్లౌ ప్రకాశం జిల్లాకు వచ్చాడు' అని రాస్తే తప్పు.

నా సంగతి ఒకటి చెప్తాను. నేను మొదట రాసిన వ్యాసం 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన రోజు గురించి. మా అవ్వ చెప్పినట్టే రాశాను, క్లౌ దొర పొద్దుగూకులూ నీళ్లలో నిలబడి ఇచ్చాడని. ఎవరో కుర్రవాడు నాలుగుచోట్ల 'మూలం కావాలి' అని మూస (గుర్తు) పెట్టాడు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండు రోజులు కంప్యూటరు ముట్టలేదు. మూడోరోజు అప్పటి పుస్తకం తెరిచి చూస్తే, ఆ రోజు నీళ్లలో దిగింది ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కో విడతకు ఇద్దరిద్దరు. దొర ఒడ్డున ఉన్నాడు. అవ్వ మాట వల్ల మన తెలుగు బోధకుల పాత్ర మరుగున పడిపోయింది. ఆ కుర్రవాడు అడక్కపోతే నేను దాన్ని అలాగే వదిలేసి ఉండేదాన్ని.

ఆ వ్యాసంలోనే ఇంకో చిక్కుంది. అప్పుడు కరువు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో క్లౌ కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసమే మారారని అన్నవాళ్లున్నారు. కరువు సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశానని క్లౌ చెప్పాడు. అంతకు పదేళ్ల ముందే యర్రగుంట్ల పేరయ్య మాదిగ పల్లెల్లో తిరిగి సువార్త చెప్పిన సంగతీ ఉంది. ఈ మూడూ పక్కపక్కన ఉండాలి. మనవాళ్ల మీద మాట పడుతుందని ఒకటి దాచితే, మిగతా రెంటినీ నమ్మేవాళ్లుండరు.

పని పంచేటప్పుడు మనిషికి మూడు వ్యాసాలకు మించి ఇవ్వకు. ప్రాజెక్టు పేజీలో ఎవరు ఏది రాస్తున్నారో, ఎవరు చదివారో ఒక పట్టిక పెట్టు. మొలకలు, అంటే రెండు మూడు వాక్యాల వ్యాసాలు, వంద వెయ్యడం కంటే జెనీవా, డోర్ట్, వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం, హైడల్‌బర్గ్ ప్రశ్నోత్తరి, ఈ నాలుగూ నిండుగా రాయడం మేలు. ఏ నిర్ణయమైనా చర్చ పేజీలో రాయించు. వాట్సాప్‌లో తేల్చుకున్నది రేపు కొత్తగా వచ్చేవాళ్లకు కనపడదు. ఎవరైనా సొంత సంఘం మీదో సొంత పాస్టరు మీదో రాస్తానంటే మెల్లిగా వద్దని చెప్పు, సమాచారం చర్చ పేజీలో పెడితే వేరేవాళ్లు రాస్తారు. ఎవరైనా అలిగితే అందరి ముందూ మాట్లాడకు, నువ్వే ఫోను చెయ్యి.

వచ్చే శనివారం పొద్దున రైలుకి ఒంగోలు రా. ప్రార్థన కొండ ఫొటో మన సొంతది ఒక్కటీ లేదు, ఎండ ఎక్కకముందే ఎక్కి తీద్దాం. నెల్లూరు మిషనరీ జూవెట్ 1854 జనవరి 1న అక్కడ ప్రార్థన చేశాడన్న వ్యాసానికి అది కావాలి. కెమెరా ఛార్జింగ్ పెట్టుకొని రా. మధ్యాహ్నం అన్నం తిని, మాటల పట్టిక ఇద్దరం కూర్చుని మొదలుపెడదాం. బాప్తిస్మం, జ్ఞానస్నానం వరకు నేను రాసి పెట్టాను.

వందనాలతో,
మీ పెద్దమ్మ
ఒంగోలు