డ్రమ్స్ ఒక చెవిలో, గొంతు ఇంకో చెవిలో: తప్పు హెడ్‌ఫోన్లది కాదు

మోటౌన్ (డెట్రాయిట్‌లో పుట్టిన అమెరికన్ సోల్ సంగీత కంపెనీ) పాటలు హెడ్‌ఫోన్లలో అలా రెండుగా చీలిపోయి వస్తున్నాయంటే, మీరు వింటున్నది 1960ల నాటి స్టీరియో మిక్స్, అంటే శబ్దాలను రెండు చెవులకీ పంచిన కూర్పు. అప్పట్లో ఆ పాటలు ఏఎం రేడియోకి, 45 ఆర్‌పీఎం సింగిల్స్‌కి (వైపుకో పాట ఉండే చిన్న రికార్డులకి) తయారయ్యేవి. అవి మోనో, అంటే అన్ని శబ్దాలూ ఒకే ఛానెల్‌లో. డెట్రాయిట్ ఇంజనీర్ల ప్రాణమంతా ఆ మోనో మిక్స్ మీదే.

1. యాప్‌లో పాట పేరుతో పాటు 'మోనో' లేదా 'సింగిల్ వెర్షన్' అని వెతకండి. మోటౌన్‌కైతే 'ద కంప్లీట్ మోటౌన్ సింగిల్స్' సంపుటాలు చూడండి. సోల్ గాయకుడు ఓటిస్ రెడింగ్ ఆల్బమ్ 'ఓటిస్ బ్లూ' (1965)కి కూడా మోనో మిక్స్ ఉంది.

2. చాలామంది ఇక్కడే ఆగిపోతారు: ఫోన్‌లో 'మోనో ఆడియో' ఆన్ చేసి, పని అయిపోయిందనుకుంటారు. అది స్టీరియో మిక్స్‌నే కలిపి ఇస్తుంది, అసలు మోనో మిక్స్‌ని ఇవ్వదు. రెండింటినీ వెంటవెంటనే విని చూడండి. అసలు మిక్స్‌లో బేస్, డ్రమ్స్, టాంబరిన్ ఒకే దెబ్బగా గుండెకి తగులుతాయి. ఆ తేడా వినితీరాలి!

3. మోనో మిక్స్ దొరక్కపోతేనే ఆ సెట్టింగ్ వాడండి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో ఉంటుంది.

4. 'రీ-రికార్డెడ్' అని ఉంటే వదిలేయండి, అది తర్వాతెప్పుడో మళ్లీ పాడింది.